పద్దుల్లో దొరికిన ఎక్స్‌రే యంత్రాలు
పార్లమెంటు, ఖజానా, అణు భద్రత: ఒక తనిఖీ చరిత్ర

చెయ్యి విరిగిందేమోనన్న అనుమానంతో ఆసుపత్రికి వెళ్తాం. డాక్టరు ఎక్స్‌రే తీయించుకు రమ్మంటారు. టెక్నీషియన్ మన చేతిని బల్లమీద సరిగ్గా అమర్చి, తను గోడ చాటుకు వెళ్లి మీట నొక్కుతాడు. రెండు నిమిషాల్లో పని పూర్తవుతుంది. ఆ యంత్రం నుంచి వెలువడే కిరణాలు ఎంత ఉండాలో అంతే ఉన్నాయా? గది గోడలు తగినంత మందంగా ఉన్నాయా? రోజుకు పాతికమందికి ఎక్స్‌రే తీసే ఆ టెక్నీషియన్ ఒంటికి ఏడాదిలో ఎంత రేడియేషన్ తగులుతోంది? ఈ ప్రశ్నలు మనకు సాధారణంగా తట్టవు. ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారులే అనుకుంటాం.

2012 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన ఒక నివేదిక ఆ నమ్మకాన్ని కుదిపేసింది. దేశంలో పనిచేస్తున్న 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో 5,270 మాత్రమే అణుశక్తి నియంత్రణ మండలి వద్ద నమోదై ఉన్నాయనీ, మిగిలిన 52,173 కేంద్రాలు, అంటే నూటికి 91, నమోదు లేకుండానే నడుస్తున్నాయనీ అందులో ఉంది. ఈ విషయం బయటపెట్టింది భౌతిక శాస్త్రవేత్తలో, వైద్యులో కాదు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్లు. జమాఖర్చులు చూసే వారికి ఎక్స్‌రే యంత్రాలతో పనేమిటి? దీనికి సమాధానం తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఖర్చుకు ముందు అనుమతి, తరువాత లెక్క

ప్రజాధనం విషయంలో పార్లమెంటు చేసే పని రెండు భాగాలు. ఖర్చు చేయడానికి ముందు అనుమతి ఇవ్వడం మొదటిది. ఖర్చు చేశాక లెక్క అడగడం రెండోది.

మొదటిది మనకు బాగా తెలిసిన బడ్జెట్ తతంగం. రాజ్యాంగం 112వ అధికరణం ప్రకారం ప్రభుత్వం ప్రతి ఏటా తన ఆదాయ వ్యయాల పట్టికను పార్లమెంటుకు సమర్పించాలి. ప్రతి శాఖా తనకు కావలసిన సొమ్మును గ్రాంటు డిమాండు రూపంలో లోక్‌సభ ముందు పెడుతుంది. నచ్చని సభ్యుడు ఆ డిమాండులో కోత కోరవచ్చు. ఒక ప్రత్యేక ఫిర్యాదును సభ దృష్టికి తేవడానికి వంద రూపాయల కోత, మొత్తం విధానాన్నే వ్యతిరేకించడానికి ఒక్క రూపాయి మినహా అంతా కోత కోరడం సంప్రదాయం. చివరకు ద్రవ్య వినిమయ చట్టం ఆమోదం పొందాలి. అది లేనిదే సంఘటిత నిధి నుంచి ఒక్క పైసా బయటకు రావడానికి 114వ అధికరణం ఒప్పుకోదు.

అయితే సభకు సమయం తక్కువ. అందువల్ల చాలా శాఖల డిమాండ్లు చర్చే లేకుండా గంపగుత్తగా ఓటింగుకు వెళ్తుంటాయి. దీనినే పార్లమెంటు భాషలో గిలెటిన్ అంటారు. అందుకే రెండో పని, అంటే ఖర్చయ్యాక లెక్క అడగడం, మరింత ముఖ్యమవుతుంది.

ఆ పని చేసేవారు ఇద్దరు. ఒకరు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, క్లుప్తంగా కాగ్. రెండోది పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం. కాగ్ లెక్కలు తనిఖీ చేసి రాష్ట్రపతికి నివేదిక ఇస్తారు. రాష్ట్రపతి దానిని ఉభయ సభల ముందు ఉంచుతారు. 22 మంది సభ్యుల పద్దుల సంఘం, అందులో లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి ఏడుగురు, ఆ నివేదికలోని అంశాలను పట్టుకుని సంబంధిత శాఖ కార్యదర్శులను పిలిపించి ప్రశ్నిస్తుంది. మంత్రులెవరూ ఈ సంఘంలో ఉండకూడదు.

తనిఖీదారు ఎవరి మనిషి?

ఈ ఏర్పాటు ఒక్కరోజులో రాలేదు. బ్రిటిష్ పార్లమెంటు 1861లో గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు పద్దుల సంఘాన్ని ఏర్పరచుకుంది. అంతకు ముందు ఏడాదే, 1857 తిరుగుబాటు తరువాత అప్పుల్లో కూరుకుపోయిన భారత ప్రభుత్వానికి జేమ్స్ విల్సన్ తొలి బడ్జెట్ ప్రవేశపెట్టాడు. కానీ ఆ ఖర్చుకు లెక్క అడిగే హక్కు భారతీయులకు లేదు.

మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల తరువాత 1921లో మన దేశానికీ ఒక పద్దుల సంఘం వచ్చింది. అయితే అందులో ఒక తమాషా ఉంది. దానికి అధ్యక్షుడు ప్రభుత్వ ఆర్థిక సభ్యుడే. అంటే ఖజానా తాళం ఎవరి చేతిలో ఉందో, ఖజానా లెక్క అడిగే సంఘానికీ ఆయనే పెద్ద! దాదాపు మూడు దశాబ్దాలు ఇలాగే నడిచింది. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950లో సంఘం పూర్తిగా పార్లమెంటు చేతికి వచ్చింది. దాని అధ్యక్షుణ్ణి స్పీకర్ నియమించసాగారు. శాఖల అంచనాలను పరిశీలించడానికి అదే ఏడాది ఏర్పడిన అంచనాల సంఘానికి తొలి అధ్యక్షులు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తరువాత ఆయన లోక్‌సభ స్పీకర్ అయ్యారు.

ఇంకో మెట్టు 1967లో పడింది. నీలం సంజీవరెడ్డి స్పీకర్‌గా ఉన్న ఆ సంవత్సరం తొలిసారిగా ప్రతిపక్షానికి చెందిన మీనూ మసానీ పద్దుల సంఘం అధ్యక్షులయ్యారు. ఏ చట్టమూ కోరకపోయినా, ఆ పదవి ప్రతిపక్షానికే ఇవ్వడం అప్పటి నుంచి ఆనవాయితీ అయింది. 1976లో మరో మార్పు జరిగింది. అప్పటివరకు కేంద్ర ప్రభుత్వ లెక్కలు రాయించేదీ, వాటిని తనిఖీ చేసేదీ కాగ్ కార్యాలయమే. ఆ ఏడాది లెక్కలు రాసే పనిని శాఖలకే అప్పగించి, తనిఖీని మాత్రం కాగ్‌కు ఉంచారు. కాగ్ జీతం మీద పార్లమెంటులో ఓటింగు ఉండదు. అది నేరుగా సంఘటిత నిధి నుంచి వస్తుంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే కఠినమైన పద్ధతిలో తప్ప కాగ్‌ను తొలగించడానికి వీల్లేదు.

ఈ మెట్లన్నింటినీ కలిపి చూడండి. 1921 నుంచి 1976 వరకు జరిగిందంతా ఒకే సూత్రాన్ని కొద్దికొద్దిగా నేర్చుకోవడమే. తనిఖీ చేసేవారు తనిఖీకి గురయ్యేవారి చేతికింద ఉండకూడదు. జమాఖర్చుల విషయంలో దేశం ఈ పాఠం నేర్చుకోవడానికి యాభై అయిదేళ్లు పట్టింది. అణుశక్తి విషయంలో అంతకన్నా తొందరగా నేర్చుకున్నామని చెప్పలేం.

గోప్యత తెర

తొలి అణుశక్తి చట్టం 1948లో వచ్చింది. రాజ్యాంగ సభ శాసనసభగా కూర్చుని దాన్ని చర్చించినప్పుడు మైసూరుకు చెందిన ఎస్.వి. కృష్ణమూర్తిరావు ఒక అభ్యంతరం లేవనెత్తారు. అమెరికా, బ్రిటన్ చట్టాలలో ఉన్న పర్యవేక్షణ ఏర్పాట్లు మన బిల్లులో ఎందుకు లేవని ఆయన అడిగారు. గోప్యత మాత్రం వారికన్నా ఎక్కువగా ఉందని ఎత్తిచూపారు. శాంతి ప్రయోజనాలనూ యుద్ధ ప్రయోజనాలనూ విడదీయడం కష్టమని ప్రధాని నెహ్రూ బదులు చెప్పారు. బిల్లు నెగ్గింది. అదే ఏడాది ఆగస్టులో హోమీ భాభా అధ్యక్షతన అణుశక్తి సంఘం ఏర్పడింది.

ఆ తరువాత ఈ ప్రశ్నను పార్లమెంటులో లేవనెత్తింది సాక్షాత్తూ ఒక గొప్ప భౌతిక శాస్త్రవేత్త. నక్షత్రాల వర్ణపటాలను అర్థం చేసుకోవడానికి తోడ్పడిన అయనీకరణ సమీకరణాన్ని ఇచ్చిన మేఘనాథ్ సాహా 1952లో కలకత్తా నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1954 మే 10న సభలో జరిగిన చర్చలో అణుశక్తి కార్యక్రమం చుట్టూ ఉన్న గోప్యతను ఆయన గట్టిగా విమర్శించారు. ఆ ఏడాది ఆగస్టులో అణుశక్తి శాఖ ప్రధానమంత్రి కింద ఏర్పడింది.

1958 మార్చి నాటి ప్రభుత్వ తీర్మానం అణుశక్తి సంఘానికి విస్తృతమైన పాలనాధికారాలు, ఆర్థికాధికారాలు ఇచ్చింది. అయితే ఒక షరతు పెట్టింది. ఆ అధికారాలు పార్లమెంటు ఆమోదించిన బడ్జెట్ పరిమితులకు లోబడే ఉండాలి. శాస్త్రజ్ఞులకు స్వేచ్ఛ ఇవ్వడం మంచిదే. రియాక్టర్లు, భారజల కర్మాగారాలు, హైదరాబాదులోని అణు ఇంధన సముదాయం వంటివి ఆ స్వేచ్ఛతోనే నిర్మాణమయ్యాయి. కానీ రియాక్టర్ రూపకల్పన లోపలి సంగతులు సభ్యులకు తెలియవు, తెలియనివ్వరు. వారి చేతిలో మిగిలిన పట్టు ఆ బడ్జెట్ షరతు ఒక్కటే.

భద్రతకు ఒక మండలి

అణుశక్తి శాఖలో భద్రతను చూసేందుకు ఎలాంటి సంస్థ ఉండాలో పరిశీలించిన మెక్కోని సంఘం, అలాంటి సంస్థకు చట్టబద్ధమైన అధికారం ఉండాలని 1981లోనే సూచించింది. 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది. కానీ ప్రత్యేక చట్టం ద్వారా కాదు. 1962 నాటి అణుశక్తి చట్టం కింద జారీ అయిన ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా.

ఇందులో ఉన్న చిక్కు చూడండి. నియంత్రణ మండలి అణుశక్తి సంఘానికి జవాబుదారీ. ఆ సంఘం అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. అణువిద్యుత్ కేంద్రాలను నడిపే ప్రభుత్వ సంస్థ కూడా ఆ శాఖ కిందిదే. మండలి బడ్జెట్ ఆ శాఖ డిమాండులోనే ఒక భాగం. ఖజానా పెద్దే పద్దుల సంఘానికి అధ్యక్షత వహించిన 1921 నాటి పరిస్థితికీ దీనికీ పోలిక కనిపించడం లేదూ? అమెరికాలో ఇలాంటి ఏర్పాటునే 1974లో చట్టం ద్వారా విడగొట్టి, అణుశక్తిని పెంపొందించే పనిని ఒకరికి, నియంత్రించే పనిని మరొకరికి అప్పగించారు.

మాయాపురి హెచ్చరిక

2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో కొందరికి చర్మం కాలినట్లు నల్లబడింది, జుట్టు రాలిపోయింది. కారణం వెదికితే కోబాల్ట్-60 దొరికింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగం 1968లో ప్రయోగాల కోసం తెప్పించిన గామా పరికరం అది. 1985 నుంచి వాడకుండా మూల పడేశారు. 2010 ఫిబ్రవరిలో పాత సామానుతో కలిపి వేలం వేశారు. కొన్న వ్యాపారి మనుషులు దాన్ని ముక్కలు చేశారు. రేడియేషన్‌కు గురైనవారిలో ఒక కార్మికుడు మరణించాడు.

కోబాల్ట్-60 అర్ధజీవిత కాలం సుమారు 5.27 సంవత్సరాలు. అంటే ప్రతి 5.27 ఏళ్లకు దాని రేడియోధార్మికత సగమవుతుంది. 1968 నుంచి 2010 వరకు 42 ఏళ్లు. ఈ కాలంలో దాదాపు ఎనిమిది అర్ధజీవిత కాలాలు గడిచాయి. రెండును ఎనిమిదిసార్లు గుణిస్తే 256. అంటే మొదట ఉన్నదానిలో సుమారు 250వ వంతు మాత్రమే మిగిలింది. అయినా ఒక ప్రాణం తీయడానికి అది చాలింది.

ఎక్స్‌రే యంత్రానికీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కోబాల్ట్ నిరంతరం కిరణాలు వెదజల్లుతూనే ఉంటుంది. ఎక్స్‌రే యంత్రం మీట కట్టేస్తే కిరణాలు ఆగిపోతాయి. అందుచేత రెండింటి ప్రమాదాలూ ఒక స్థాయివి కావు. ఒకసారి తీసే ఛాతీ ఎక్స్‌రే వల్ల రోగికి తగిలేది చాలా స్వల్పం. కానీ రోజూ ఆ గదిలో పనిచేసేవారి సంగతి వేరు. అలాంటివారికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించకూడదని, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదని మన దేశంలో పరిమితి ఉంది. కొలిచేవారు ఉంటేనే పరిమితికి అర్థం ఉంటుంది.

ఆడిటర్ల ప్రశ్నలు

పూర్వం ఆడిట్ అంటే రసీదు ఉందా, మంజూరు ఉందా అని చూడటమే. తరువాతి కాలంలో ఇంకో రకం తనిఖీ బలపడింది. దాన్ని పనితీరు ఆడిట్ అంటారు. ఇందులో ప్రశ్న వేరు. ‘ఫలానా పని కోసం మీకు డబ్బు ఇచ్చారు. ఆ పని జరిగిందా?’

నియంత్రణ మండలి పనితీరును కాగ్ ఆడిటర్లు ఈ పద్ధతిలోనే పరిశీలించారు. రియాక్టర్ల భౌతిక శాస్త్రంలో శాస్త్రజ్ఞులతో వాదనకు దిగలేదు. లెక్కకు అందే ప్రశ్నలే వేశారు. మిమ్మల్ని ఏర్పరచిన ఉత్తర్వులో ఏ పనులు చేయమన్నారు? వాటిలో ఎన్ని చేశారు? దేశంలో ఎన్ని ఎక్స్‌రే కేంద్రాలున్నాయి? మీ రిజిస్టరులో ఎన్ని ఉన్నాయి? ఈ చివరి రెండు అంకెల మధ్య తేడాయే మొదట చెప్పుకొన్న 52,173.

ఆ నివేదికలో ఇంకా ఇలాంటివి ఉన్నాయి. దేశానికి ఒక అణు, రేడియేషన్ భద్రతా విధానాన్ని తయారుచేయాలని 1983 నాటి ఉత్తర్వులోనే ఉన్నా, మూడు దశాబ్దాలు కావస్తున్నా అది సిద్ధం కాలేదు. గుర్తించిన 168 భద్రతా నియమావళులు, మార్గదర్శకాలలో 27 ఇంకా రాలేదు. ప్రతి రాష్ట్రంలో రేడియేషన్ భద్రతా డైరెక్టరేటు ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2001లో ఆదేశిస్తే, 2012 జూలై నాటికి కేరళ, మిజోరం మాత్రమే ఏర్పాటు చేశాయి. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం ఆ జాబితాలో లేదు. నియమాలు ఉల్లంఘించినవారికి విధించగల జరిమానా అయిదు వందల రూపాయలు. అనుమతులు ఇవ్వడానికి అయ్యే ఖర్చును అనుమతి పొందేవారి నుంచి రాబట్టే ఏర్పాటు లేక, ఆ భారం ప్రభుత్వ ఖజానా మీదే పడింది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. నమోదు కాని ప్రతి యంత్రమూ చెడ్డదని కాగ్ అనలేదు. వాటిలో చాలా భాగం చక్కగానే పనిచేస్తూ ఉండవచ్చు. అయితే ఏది మంచిదో, ఏది లోపం ఉన్నదో తెలిసే దారి లేదు. మాయాపురిలో జరిగిందీ ఇదే. పరికరం ఫలానా చోట ఉందన్న సంగతి ఎవరి జాబితాలోనూ సజీవంగా లేకపోవడం వల్లనే అది పాత ఇనుములో కలిసిపోయింది. ప్రయోగశాలలో రీడింగు తీసుకోకుండా ఫలితం రాసిన విద్యార్థిని మాస్టారు ఏమంటారో మీకు తెలుసు. ఫలితం సరైనదే కావచ్చు, కానీ దాన్ని నమ్మడానికి ఆధారం లేదంటారు.

సంఘం ముందు విచారణ

కాగ్ నివేదికతో కథ ముగియదు. మురళీ మనోహర్ జోషి అధ్యక్షతన ఉన్న ప్రజా పద్దుల సంఘం ఈ అంశాన్ని విచారణకు తీసుకుంది. ఆయన కూడా భౌతిక శాస్త్రం బోధించిన ఆచార్యులే. సంఘం తన 90వ నివేదికను 2013 డిసెంబరులో పార్లమెంటుకు సమర్పించింది. కాగ్ ఎత్తిచూపిన లోపాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, అసలు మూలం మండలి హోదాలోనే ఉందని గుర్తించింది. స్వతంత్ర నియంత్రణ సంస్థ లేకపోవడం ప్రమాదకరమని హెచ్చరించింది.

అప్పటికే ప్రభుత్వం 2011 సెప్టెంబరులో అణు భద్రతా నియంత్రణ ప్రాధికార సంస్థ బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టి ఉంది. ఆ బిల్లునే మళ్లీ పరిశీలించి, ఇతర దేశాల నియంత్రణ సంస్థలతో సమానంగా నిలిచేలా స్వతంత్రంగా రూపొందించాలని సంఘం కోరింది. కానీ 2014లో లోక్‌సభ రద్దు కావడంతో బిల్లు మురిగిపోయింది.

అలాగని తనిఖీ వృథా కాలేదు. ఎక్స్‌రే కేంద్రాలు కంప్యూటర్ ద్వారా దరఖాస్తు చేసుకుని అనుమతి పొందే ‘ఈ-లోరా’ పద్ధతిని మండలి ప్రవేశపెట్టింది. 2015లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణుల బృందం వచ్చి పరిశీలించి, మండలి స్వతంత్రతను చట్టంలో పొందుపరచాలని సూచించింది. చివరకు 2025 డిసెంబరులో పార్లమెంటు ‘శాంతి’ పేరుతో కొత్త అణుశక్తి చట్టాన్ని ఆమోదించింది. 1962 నాటి చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. 1981లో ఒక సంఘం చేసిన సూచనకు 2025లో చట్టరూపం రావడానికి 44 ఏళ్లు పట్టింది. హోదా వచ్చినంత మాత్రాన స్వతంత్రత వచ్చినట్లు కాదు. సభ్యులను ఎవరు నియమిస్తారు, బడ్జెట్ ఎవరి చేతి మీదుగా వస్తుంది అన్నవి రాబోయే సంవత్సరాల్లో మళ్లీ లెక్కల పుస్తకాల్లోనే కనిపిస్తాయి.

మనం చేయదగినది

ఈ వ్యవస్థకు పరిమితులున్నాయి. పద్దుల సంఘం ఖర్చయిపోయాక చూస్తుంది. అందుకే దాని పనిని శవపరీక్షతో పోల్చేవారున్నారు. దాని సిఫార్సులను ప్రభుత్వం పాటించి తీరాలని లేదు. కాకపోతే ఏ చర్య తీసుకున్నదీ, తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో రాతపూర్వకంగా సంఘానికి తెలియజేయాలి. ఆ సమాధానం మీద సంఘం మళ్లీ ఒక నివేదిక ఇస్తుంది. అడిగిన ప్రశ్న ఫైలులో నిలిచిపోతుంది. ప్రభుత్వాలు మారినా అది అక్కడే ఉంటుంది.

ఈ నివేదికలు రహస్య పత్రాలు కావు. సభ ముందు ఉంచిన తరువాత ఎవరైనా చదవవచ్చు. విజ్ఞాన శాస్త్రం చదివే విద్యార్థులు వాటిని తిరగేస్తే రెండు విషయాలు గమనిస్తారు. నిపుణులు కానివారు కూడా నిపుణులను సరైన ప్రశ్న అడగగలరన్నది ఒకటి. చాలాసార్లు ఆ ప్రశ్న ‘ఎన్ని ఉన్నాయి, ఎన్ని చూశారు?’ అన్నంత సులువైనదే కావడం రెండోది.

ఈసారి ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ గది తలుపు పక్కన గోడ మీద ఒకసారి చూడండి. నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రం కనిపించకపోతే, ఎక్కడుందని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మనకూ ఉంది.